తారు వేయని పల్లె రోడ్డుకు ఎలాంటి గ్రావెల్ పరచాలి?

[దృశ్యం: వానలో బురదగా మారిన రోడ్డు మీద లోతుగా పడిన చక్రాల గాడి. వెంటనే ఎండాకాలంలో అదే చోటు, వాహనం వెనక లేస్తున్న దుమ్ము.]

ఈ రెండు దృశ్యాలూ ఒకే రోడ్డువి. వానకు జారుతుంది, ఎండకు దుమ్ము లేస్తుంది. ఈ రెండు బాధలకూ మూలం చాలాసార్లు పైన పరిచిన పదార్థంలోనే ఉంటుంది. తారు గానీ కాంక్రీటు గానీ లేని రోడ్డు మీద చక్రానికీ, వానకూ, గాలికీ ఎదురు నిలిచేది ఆ పైపొర ఒక్కటే కాబట్టి, క్వారీ నుంచి మొదటి లారీ కదలకముందే దాన్ని పరీక్షించి ఎంచుకోవాలి.

[దృశ్యం: జల్లెడ పట్టి వేరుచేసిన మూడు కుప్పలు: రాయి, ఇసుక, మెత్తటి మట్టి.]

మంచి పైపొరలో రాయి వాహనాల బరువు మోస్తుంది, ఇసుక రాళ్ల మధ్య సందులను నింపి వాటిని కదలకుండా బిగిస్తుంది, బంకమట్టి ఈ రెండింటినీ పట్టి ఉంచుతుంది. గ్రావెల్ ఎంత శుభ్రంగా, ఎంత మట్టి లేకుండా ఉంటే అంత మంచిదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. ఆ అభిప్రాయం తారు రోడ్ల పని నుంచి వచ్చింది. తారు కింద వేసే బేస్ పొరలో నీరు నిలిస్తే బలం పోతుంది కాబట్టి అక్కడ మెత్తటి మట్టిని వీలైనంత తగ్గిస్తారు, పైనున్న తారు రాళ్లను కదలనివ్వదు. తారే లేని చోట అదే శుభ్రమైన కంకరను పరిస్తే, నాలుగు రోజుల ఎండకే రాళ్లు ఊడి అంచులకు చేరతాయి, రోడ్డంతా రేకు మడతల్లాంటి అడ్డగట్లు లేస్తాయి. అందుకే పైపొరలో 0.075 మిల్లీమీటర్ల జల్లెడ దాటే మెత్తటి పదార్థం సాధారణంగా 8 నుంచి 15 శాతం దాకా ఉండాలని, అందులో కొంత జిగురు గుణం ఉండాలని ఇంజనీర్లు కోరుకుంటారు.

ఆ జిగురు ఎంత ఉండాలన్నదే అసలు చిక్కు. దాన్ని కొలిచే ఒక పరీక్షను దగ్గరగా చూద్దాం.

[దృశ్యం: 150 మిల్లీమీటర్ల పొడవున్న ఇనుప తొట్టెలో తడిమట్టిని నింపి, కత్తితో పైన చదును చేస్తున్న చేయి.]

నమూనాను 0.425 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, జల్లెడ దాటిన భాగాన్ని తగినంత నీటితో కలిపి, ఈ తొట్టెలో గాలి బుడగలు లేకుండా నింపుతారు. తరువాత ఓవెన్‌లో పూర్తిగా ఆరబెడతారు. ఆరిన మట్టికడ్డీ కుంచించుకుపోయి, తొట్టె చివర సందు కనిపిస్తుంది. ఆ సందు 9 మిల్లీమీటర్లుంటే, 150లో అది 6 శాతం. ఇదే లినియర్ ష్రింకేజ్. మొత్తం నమూనాలో 0.425 జల్లెడ దాటినది 40 శాతమనుకుంటే, 6ను 40తో గుణించగా వచ్చే 240ని ష్రింకేజ్ ప్రోడక్ట్ అంటారు.

దక్షిణాఫ్రికాలో ఫిల్ పెయిజ్-గ్రీన్ చేసిన పరిశోధనలో, ఈ విలువ 100కూ 365కూ మధ్య ఉన్న పదార్థాలు బాగా నిలిచాయని తేలింది. దుమ్ము తక్కువగా ఉండాలంటే 240 దాటకపోవడం మేలు. సందు 3 మిల్లీమీటర్లే ఉండి, జల్లెడ దాటినది 30 శాతమైతే విలువ 60 మాత్రమే వస్తుంది. ఆ రోడ్డు మీద అడ్డగట్లు తప్పవు. సందు 15 మిల్లీమీటర్లు, జల్లెడ దాటినది 50 శాతం అయితే విలువ 500 అవుతుంది. ఆ రోడ్డు వానలో జారిపోతుంది. ఒక తొట్టె, ఒక జల్లెడ, ఒక స్కేలు ఇంత ముందుగా ఇంత స్పష్టంగా చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఎంతో విలువైన విషయంగా అనిపిస్తుంది.

దీనికి తోడు రేణువుల పరిమాణాలు ఎలా కలిసి ఉన్నాయో చూపే గ్రేడింగ్ కోఎఫిషియంట్ కూడా ఉంది. 26.5 మిల్లీమీటర్ల జల్లెడ దాటిన శాతం నుంచి 2 మిల్లీమీటర్ల జల్లెడ దాటిన శాతాన్ని తీసివేసి, 4.75 మిల్లీమీటర్ల జల్లెడ దాటిన శాతంతో గుణించి, 100తో భాగించాలి. ఆ మూడు అంకెలు వరసగా 95, 45, 55 అయితే 27.5 వస్తుంది. 16కూ 34కూ మధ్య ఉంటే సరిపోతుంది. అంతకు తగ్గితే వాననీటికి కోత పడుతుంది, అంతకు పెరిగితే రాళ్లు ఊడిపోతాయి. ఈ హద్దులు అక్కడి వాతావరణంలో తేలినవి కాబట్టి, మరో చోట వాడేటప్పుడు ఆ ప్రాంతపు మంచి రోడ్డు, చెడ్డ రోడ్డు రెండింటి నుంచీ నమూనాలు తీసి పోల్చుకోవాలి.

[దృశ్యం: ఎదురెదురుగా రెండు కుప్పలు. ఒకటి ఇసుక గ్రావెల్, మరొకటి బంకమట్టి.]

అన్ని గుణాలూ ఉన్న పదార్థం ఒకే క్వారీలో దొరకడం అరుదు. కానీ ఒకటి మరీ ఇసుకగా, మరొకటి మరీ జిగురుగా ఉన్న రెండు పదార్థాలు దగ్గరలో దొరుకుతూనే ఉంటాయి. గ్రావెల్‌లో మెత్తటి భాగం 4 శాతం, మట్టిలో 70 శాతం ఉన్నాయనీ, మనకు కావలసింది 12 శాతమనీ అనుకుందాం. 12 నుంచి 4 తీసివేస్తే 8, 70 నుంచి 4 తీసివేస్తే 66. 8ని 66తో భాగిస్తే దాదాపు 0.12 వస్తుంది. అంటే బరువులో ఏడు వంతుల గ్రావెల్‌కు ఒక వంతు మట్టి చాలు. లెక్క తేలికే కానీ కలపడంలోనే పని చెడుతుంది. తడి బంకమట్టి ఉండలు కడుతుంది, ఆ ఉండలు పొరలో అలాగే మిగిలిపోతే తొలి వానకే మెత్తబడి అక్కడే గుంటలు పడతాయి. కాబట్టి మట్టిని ఎండిన స్థితిలో పొడిచేసి, గ్రావెల్ మీద పలచగా పరిచి, గ్రేడర్‌తో, అంటే పొడవాటి బ్లేడుతో రోడ్డును చదును చేసే యంత్రంతో, అటూ ఇటూ పలుమార్లు తిరగేసి, రంగు అంతటా ఒకేలా కనిపించాకే నీరు చల్లాలి.

పెద్ద రాళ్ల విషయంలో మొహమాటం పనికిరాదు. 37.5 మిల్లీమీటర్లు దాటిన రాయి గ్రేడర్ బ్లేడుకు తగిలి ఊడి, వెనక గుంటను మిగులుస్తుంది. వాటిని జల్లించి తీసివేయాలి, లేదా పగలగొట్టాలి.

సున్నం, సిమెంటు, కాల్షియం క్లోరైడ్ వంటివి తరువాతి మాట. సున్నం బంకమట్టితోనే చర్య జరుపుతుంది, ఇసుకలో దానికి పెద్దగా పని లేదు. కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకొని దుమ్మును అణచుతుంది, కానీ వానకు కరిగి కొట్టుకుపోతుంది. సిమెంటుతో బిగిసిన పొరలో గుంట పడితే గ్రేడర్‌తో సరిచేయడం కష్టం.

[దృశ్యం: పిడికిట్లో నొక్కిన మట్టి ముద్ద. వేళ్లు విప్పినా ముద్ద చెదరలేదు, అరచేయి మాత్రం తడి కాలేదు.]

రోలర్ తిప్పడానికి సరైన తేమ ఇదే. ముద్ద పొడిపొడిగా రాలితే నీరు చాలలేదు, అరచేతికి నీరు అంటితే ఎక్కువైంది. అణచిన తరువాత 150 మిల్లీమీటర్ల మందం కావాలంటే, వదులుగా దాదాపు 190 నుంచి 200 మిల్లీమీటర్లు పరచాలి. నడుమ నుంచి రెండు పక్కలకూ 4 నుంచి 6 శాతం వాలు ఇవ్వాలి. 6 మీటర్ల వెడల్పు రోడ్డులో 5 శాతమంటే, అంచుకన్నా నడిమధ్య 15 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. ఆ వాలు లేకపోతే ఎంత మంచి గ్రావెల్ అయినా నిలిచిన నీటిలో నానుతుంది.

[దృశ్యం: ఏడాది తరువాత అదే రోడ్డు. చక్రాల దారిలో పార పెట్టి నమూనా తీస్తున్నారు.]

దుమ్ముగా ఎగిరిపోయేది పైపొరలోని మెత్తటి భాగమే కాబట్టి, ఏడాది గడిచాక పైనుంచి తీసిన నమూనాను మళ్లీ అదే తొట్టెలో ఆరబెట్టి చూడాలి. మొదట 9 మిల్లీమీటర్లున్న సందు 4కు తగ్గిందంటే రోడ్డులోని జిగురు తగ్గిపోయినట్టే. అప్పుడు కొత్త గ్రావెల్ తోలించే ముందు, అంచులకు చేరిన రాయిని గ్రేడర్‌తో వెనక్కి లాగి, తగ్గిన మేరకు మట్టిని లెక్కకట్టి కలిపి, తడిపి, రోలర్‌తో అణచాలి.