మన హక్కుల మీద మన ఎంపీ ఏ బటన్ నొక్కారు?

[దృశ్యం: విశాఖ డాబాగార్డెన్స్, అంబేడ్కర్ విగ్రహం. ఉదయం వేళ. వెనక ఆటోలు, సిటీ బస్సులు.]

నమస్తే. ఏదైనా హక్కు గురించి గొడవ వచ్చిందంటే మన విశాఖలో జనం చేరే చోట్లు రెండున్నాయి. ఒకటి ఇక్కడ, ఈ అంబేడ్కర్ విగ్రహం దగ్గర. ఇంకోటి జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ ఆఫీసు దగ్గర, గాంధీ విగ్రహం ముందు. ఎవరు టెంట్ వేసినా, ఏ జెండా పట్టుకున్నా, మైకులో ఒక ప్రశ్న తప్పకుండా వినపడుతుంది: "మన ఎంపీ పార్లమెంటులో ఏం చేస్తున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుదామని కూర్చున్నాను. హాజరు దొరికింది. ఎన్ని ప్రశ్నలు అడిగారో, ఎన్ని చర్చల్లో మాట్లాడారో దొరికింది. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ప్రతి ఎంపీకీ ఒక పేజీ పెట్టి ఈ లెక్కలన్నీ చూపిస్తుంది. మంచి పని. కానీ నాకు కావాల్సింది ఆ పేజీలో లేదు. ఏ బిల్లుకు అవునన్నారు, దేనికి కాదన్నారు?

మనం ఓటు వేసి పంపిందే అక్కడ మన తరఫున ఓటు వేయమని. అది కనపడకపోతే ఎలా?

[దృశ్యం: పల్లెలో ఎస్సీ కాలనీ సామాజిక భవనం. కుర్చీలు, నేల మీద జంబుఖానా.]

ముందు పౌర హక్కులంటే ఏమిటో మన ఊరి మాటలో చెప్పుకుందాం. మన రాష్ట్రంలో ప్రతి నెలా 30న పౌర హక్కుల దినోత్సవం జరపాలి. అధికారులు, పోలీసులు ఊళ్లోకి వస్తారు. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి ఉందా, గుళ్లోకి రానిస్తున్నారా, బావి దగ్గర ఎవరైనా అడ్డుకుంటున్నారా అని అడుగుతారు. ఆ రోజు చదివి వినిపించే చట్టాలు రెండు. మొదటిది 1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చింది. 1976 సవరణతో దాని పేరు పౌర హక్కుల పరిరక్షణ చట్టం అయింది. రెండోది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. కారంచేడులో దళితుల ఊచకోత జరిగిన నాలుగేళ్లకు వచ్చింది.

2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతో ఈ రెండో చట్టం పదును తగ్గింది. దేశమంతా నిరసనలు లేచాయి. ప్రభుత్వం సవరణ బిల్లు తెచ్చింది. కేసు కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని, ముందస్తు బెయిల్ ఉండదని 18ఏ సెక్షన్ చేర్చింది. లోక్‌సభ దాన్ని ఆమోదించిన రోజు 2018 ఆగస్టు 6. చుండూరులో దళితుల ఊచకోత జరిగింది 1991 ఆగస్టు 6న. సరిగ్గా 27 ఏళ్లు. ఆ తేదీ చూసినప్పుడు కాసేపు నేను ముందుకు చదవలేకపోయాను.

అప్పుడు విశాఖ ఎంపీ కంభంపాటి హరిబాబు. ఆయన పార్టీ ప్రభుత్వం తెచ్చిన బిల్లే అది. కానీ ఆయన పేరు పక్కన "అవును" అని రాసి ఉన్న కాగితం మీకు దొరకదు. వేరే ఏ ఎంపీదీ దొరకదు. ఎందుకంటే అది మూజువాణి ఓటుతో గట్టెక్కింది.

[దృశ్యం: తెర మీద పెద్ద అక్షరాలు, "మూజువాణి". కింద సభ బొమ్మ.]

మూజువాణి అంటే నోటి మాట. స్పీకర్ బిల్లు పేరు చెబుతారు. ఒప్పుకునే వాళ్లు "అవును" అని అరుస్తారు, ఒప్పుకోని వాళ్లు "కాదు" అని అరుస్తారు. ఏ గొంతు గట్టిగా ఉందో స్పీకర్ చెవికి అనిపించిన దాన్ని బట్టి ఫలితం. ఎవరూ అడ్డు చెప్పకపోతే అంతటితో సరి. ఎవరు అరిచారో, ఎవరు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారో, ఎవరు క్యాంటీన్‌లో ఉన్నారో ఎక్కడా రాయరు.

అందరూ ఒప్పుకున్న చోట దీనితో సమయం కలిసొస్తుంది, నిజమే. తగాదా ఉన్న చోట కూడా ఇదే దారి పడితేనే నాకు బాధ.

2023 జులై 26న లోక్‌సభలో అటవీ సంరక్షణ చట్టం సవరణ ఇలాగే అయిపోయింది. మణిపూర్ హింస గురించి ప్రతిపక్షం నినాదాలు చేస్తోంది, ఆ హోరులోనే బిల్లు పాసైంది. అరకు, పాడేరు కొండల మీద గ్రామసభకున్న హక్కుతో ముడిపడిన సంగతి అది. బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన భూముల్లో గనుల తవ్వకం మీద సమత అనే సంస్థ వేసిన కేసు మన జిల్లా నుంచే వెళ్లింది, 1997లో సుప్రీంకోర్టు దాని మీద తీర్పిచ్చింది. అలాంటి నేల మీద వాళ్లకు, తమ ఎంపీ ఆ రోజు ఏమన్నారో తెలుసుకునే దారి లేదు. మరో పన్నెండు రోజులకు, ఆగస్టు 7న, వ్యక్తిగత డేటా పరిరక్షణ బిల్లు. అదీ మూజువాణే. సమాచార హక్కు చట్టంలోని ఒక ముఖ్యమైన సెక్షన్‌ను మార్చేసింది ఆ బిల్లే.

ఇక మనందరికీ గుర్తున్న రోజు 2014 ఫిబ్రవరి 18. రాష్ట్ర విభజన బిల్లు. దాన్ని పౌర హక్కుల బిల్లు అనలేం, కానీ చెప్పకుండా ఉండలేను. టీవీల ముందు కూర్చున్నాం. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. తెర వెనక మూజువాణి ఓటుతో రాష్ట్రం రెండైంది. పాసవ్వాలనుకున్న వాళ్లకు, వద్దనుకున్న వాళ్లకు ఇద్దరికీ అదే నష్టం: ఎవరు ఎటు నిలబడ్డారో పేరు పేరునా లేదు.

[దృశ్యం: ద్వారకానగర్, పౌర గ్రంథాలయం. పాత సంపుటాల బీరువా.]

ఇప్పుడు ఇంకో రోజు చూద్దాం. 1970 సెప్టెంబరు 2. మాజీ రాజుల రాజభరణాలు రద్దు చేసే రాజ్యాంగ సవరణ బిల్లు మీద లోక్‌సభలో ఓటింగ్. అప్పుడు విశాఖ ఎంపీ తెన్నేటి విశ్వనాథం గారు. ఆయన ఎటు ఉన్నారో మీరు ఇవాళ చూడొచ్చు. పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఆ రోజు చర్చల సంపుటి తెరిచి చివరి పేజీల్లో వెతకండి. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న ఓటు దొరుకుతుంది, 2014 ఓటు దొరకదు.

ఎందుకు ఈ తేడా? రాజ్యాంగ సవరణకు 368వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ మంది, హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి. అది అరుపులతో తేలదు. లెక్కపెట్టాలి. దాన్ని డివిజన్ అంటారు. ఆ బిల్లు లోక్‌సభ దాటి మూడు రోజులకు రాజ్యసభకు వెళ్లింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. మూడింట రెండు వంతులంటే 150 కావాలి. ఒక్క ఓటు తక్కువై బిల్లు పడిపోయింది. "ఒక్కడి ఓటుతో ఏమవుతుంది" అనే వాళ్లకు నేను ఈ లెక్కే చెబుతుంటాను.

డివిజన్ ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. గంట మోగుతుంది. బయట ఉన్న సభ్యులు లోపలికి రావడానికి మూడున్నర నిమిషాలు గడువు. తర్వాత తలుపులు మూస్తారు. ప్రతి సీటు ముందూ బటన్లు: ఆకుపచ్చ అయితే అవును, ఎరుపు అయితే కాదు, పసుపు అయితే ఎటూ కాదు. బోర్డు మీద అంకెలు వస్తాయి. స్పీకర్ వాటిని చదివి "సవరణలకు లోబడి" అంటారు. బటన్ సరిగా పడని సభ్యులు చీటీ రాసిస్తే ఆ లెక్క కలుపుతారు. అందుకే టీవీలో చూసిన అంకెకు, తర్వాత అచ్చైన అంకెకు ఒక్కోసారి తేడా ఉంటుంది. అచ్చైన దాన్నే నమ్మండి.

మామూలు బిల్లు మీద కూడా డివిజన్ అడగొచ్చు. అందుకు ఒక్క సభ్యుడు చాలు. 2019 జులై 24న ఉపా, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం సవరణ వచ్చింది. సంస్థలనే కాదు, విడి మనిషిని కూడా ఉగ్రవాదిగా ప్రకటించవచ్చని చెప్పే బిల్లు. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ డివిజన్ కావాలన్నారు. 287 అనుకూలం, 8 వ్యతిరేకం. ఆయన రాజకీయాలు మీకు నచ్చినా నచ్చకపోయినా, ఆ రోజు పేర్లు రికార్డుకెక్కాయి. అయితే అడిగిన ప్రతిసారీ ఇస్తారని లేదు. అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కపెడతారు. అప్పుడు మళ్లీ పేర్లుండవు.

ఆ అంకెలు ఇంకోసారి చూడండి. 287, 8 కలిపితే 295. లోక్‌సభకు ఎన్నికయ్యే వాళ్లు 543 మంది. మిగతా దాదాపు 250 మంది ఏరి? కాంగ్రెస్ వాకౌట్ చేసింది. కొందరు రానే లేదు. వాకౌట్ చేసి బయట కెమెరాల ముందు ఎంత గట్టిగా మాట్లాడినా, ఎర్ర బటన్ లెక్కలో అది ఒక్క అంకె కూడా పెంచదు. ఎంపీ రికార్డు చూసేటప్పుడు నేను "వ్యతిరేకించారు" అనే మాట దగ్గర ఆగి, బటన్ నొక్కారా, బయటకు నడిచారా అని చూస్తాను.

[దృశ్యం: మళ్లీ కెమెరా వైపు. వెనక ఆర్కే బీచ్.]

విప్, అంటే ఇలా ఓటేయాలని పార్టీ తన సభ్యులకిచ్చే ఆదేశం, దాని సంగతి వదలకూడదు. "మా ఎంపీ మంచోడే, పార్టీ చెప్పింది కాబట్టి అలా వేశాడు" అని మీరు కూడా అనే ఉంటారు. అందులో కొంత నిజం ఉంది. 1985లో రాజ్యాంగ 52వ సవరణతో, పార్టీ ఫిరాయింపులను ఆపడానికి పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటేసినా, ఓటేయకుండా ఉన్నా పదవి పోవచ్చు. పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే సరే. కానీ విప్ నోరు కట్టేయదు. చర్చలో లేచి, "ఈ క్లాజు మా నియోజకవర్గంలో వీళ్లకు నష్టం" అని చెప్పవచ్చు. సవరణ కోరవచ్చు. పార్టీ సమావేశంలో పోట్లాడవచ్చు. అందుకే ఓటు ఒక్కటే చూడకుండా ప్రసంగం కూడా చదవాలి.

దగ్గరి ఉదాహరణ తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288, 232 ఓట్లతో పాసైంది. టీడీపీ సమర్థించింది, వైసీపీ వ్యతిరేకించింది. విశాఖ ఎంపీ ఎం. శ్రీభరత్ 2024లో టీడీపీ తరఫున గెలిచారు. పార్టీ వైఖరి పేపర్లో వచ్చింది, ఆయన బటన్ సంగతి చర్చల పాఠంలో ఉంటుంది. లోక్‌సభ సైట్‌లో ఏప్రిల్ 2 నాటి సమావేశం తెరవండి. చర్చ అర్ధరాత్రి దాటి సాగింది కాబట్టి అదే తేదీ కింద వెతకాలి. బిల్లు చివర రెండు జాబితాలు, అక్షర క్రమంలో. మీరే చూడండి. నేను చెబితే నా మాట అవుతుంది, మీరు చూస్తే రుజువు అవుతుంది.

నేను ఎంపీ కార్యాలయానికి ఒక ఉత్తరం రాశాను. ఎస్.కోట నుంచి గాజువాక దాకా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఎవరైనా రాయొచ్చు. మిగతా వాళ్లు తమ ఎంపీకి రాయండి. నా ఉత్తరం ఇంతే:

"అయ్యా, రాబోయే సమావేశాల్లో మనుషుల హక్కులను తాకే బిల్లు మూజువాణి ఓటుకు వచ్చినప్పుడు మీరు లేచి డివిజన్ అడుగుతారా? అడిగితే, మీరు ఏ బటన్ నొక్కారో, ఎందుకు నొక్కారో తెలుగులో ఒక పేజీ రాసి నియోజకవర్గానికి పంపుతారా? మీరు అవునన్నా, కాదన్నా ఆ పేజీ నేను అంబేడ్కర్ విగ్రహం దగ్గర చదివి వినిపిస్తాను."