నీళ్లు కలిపినా తగ్గని బలం

శ్రోతలందరికీ నమస్కారం. బాత్రూం కడిగే యాసిడ్‌లో సాధారణంగా ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అందులో నీళ్లు బాగా కలిపితే అది బలహీనమైన ఆమ్లం అయిపోతుందని చాలామంది అనుకుంటారు. పరీక్షల్లో పిల్లలు తడబడేదీ ఇక్కడే. నీళ్లు కలిపితే తగ్గేది గాఢత. బలం వేరే సంగతి.

బడి ల్యాబులో చేసే ఒక ప్రయోగం చెబుతాను. పరీక్షనాళికలో కాస్త ఉప్పు వేసి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. నాళిక మూతి దగ్గర పొడి నీలి లిట్మస్ కాగితం పెట్టండి, రంగు మారదు. అదే కాగితాన్ని తడిపి పెట్టండి, వెంటనే ఎర్రబడుతుంది. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది. ఆమ్లగుణం బయటపడాలంటే నీరు ఉండాలని కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. నీటి అణువు హైడ్రోజన్ క్లోరైడ్ నుంచి ప్రోటాన్‌ను, అంటే ధనావేశం ఉన్న హైడ్రోజన్‌ను, లాగేసుకుని హైడ్రోనియం అయాన్ అవుతుంది. అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న కణం. మిగిలేది క్లోరైడ్ అయాన్.

ఈ విడిపోవడం ఎంతవరకు జరుగుతుందన్నదే ఆమ్లం బలం. లీటరుకు 0.1 మోల్ (మోల్ అంటే అణువుల సంఖ్యను చెప్పే కొలమానం) హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న ద్రావణంలో దాదాపు అన్ని అణువులూ విడిపోతాయి, ఆమ్లత్వాన్ని కొలిచే పిహెచ్ సుమారు 1 ఉంటుంది. ఈ అంకె ఎంత తక్కువైతే ఆమ్లత్వం అంత ఎక్కువ. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని అంతే గాఢతలో తీసుకుంటే, వెయ్యి అణువుల్లో విడిపోయి ఉండేవి 13 దాకానే. అక్కడ విడిపోయేవి విడిపోతుంటే, విడిపోయినవి మళ్లీ కలుస్తుంటాయి. పిహెచ్ దాదాపు 2.9. ద్రావణంలో కరెంటును మోసేవి అయాన్లే, అందుకే రెండింటికీ వైర్లు కలిపి బల్బు వెలిగిస్తే మొదటిదాంట్లో కాంతి ఎక్కువ.

ద్రావణాల్లో అయాన్లుంటాయన్న ఆలోచనను స్వీడన్ శాస్త్రవేత్త స్వాంతె అర్హీనియస్ ముందుకు తెచ్చారు. 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఆయన పరిశోధనకు తక్కువ గ్రేడే ఇచ్చారు. ఆ ఆలోచనే విద్యుత్ వియోజన సిద్ధాంతం, దానికే 1903లో నోబెల్ బహుమతి వచ్చింది.

సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఇచ్చేందుకు రెండు ప్రోటాన్లున్నాయి. నీటిలో మొదటిది పూర్తిగా పోతుంది, రెండోది కొంతవరకే. నీటితో కలిసేటప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది. ఆమ్లం మీద నీళ్లు పోస్తే, తేలికైన నీళ్లు పైనే ఉండి మరిగి, ఆమ్లంతో సహా ముఖం మీదికి చిమ్ముతాయి. కాబట్టి ల్యాబులో ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా, కలుపుతూ పోయాలి.