సాయంత్రం ఐదింటి ఆకలి: బుజ్జాయిలకు ఇంట్లోనే ప్రొటీన్ చిరుతిళ్ళు

(తెర మీద: వంటింటి గట్టు. పళ్ళెంలో పుట్నాలు, పల్లీలు, నువ్వులు. పక్కనే ఒక బిస్కెట్ ప్యాకెట్, సగం తాగిన టీ కప్పు.)

నమస్తే అండీ. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ఏడాదికీ నాలుగేళ్ళకీ మధ్య వయసు పిల్లలుంటే, రోజంతటిలో కష్టమైన సమయం సాయంత్రం ఐదు గంటలు. పాప మధ్యాహ్నం నిద్ర లేస్తుంది, ఆకలేస్తుంది. అమ్మానాన్న ఇంకా ఆఫీసులోనో, బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లోనో ఉంటారు. ఇంట్లో ఉన్న నానమ్మో, అమ్మమ్మో, చూసుకునే ఆయమ్మో చేతికి అందింది పెడతారు. మన హైదరాబాద్ ఇళ్ళల్లో ఆ అందేది చాలాసార్లు టీలో ముంచిన బిస్కెట్.

ఒక బిస్కెట్ తింటే ఏమీ కాదు. కానీ రెండేళ్ళ పిల్లల పొట్ట చాలా చిన్నది. ఐదింటికి నాలుగు బిస్కెట్లు పడితే రాత్రి ఎనిమిదింటికి పప్పన్నం దగ్గర మూతి తిప్పేస్తారు. మైదా, చక్కెర, నూనె లోపలికి వెళ్ళాయి, పప్పూ నెయ్యీ గిన్నెలోనే మిగిలిపోయాయి. అసలు నష్టం అదీ. దానికి తోడు, టీలో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. చిన్నపిల్లలకు టీ చుక్క కూడా అవసరం లేదు.

కాబట్టి ఈ వీడియో అంతా ఆ ఐదింటి గిన్నె గురించే. అందులో ఏం పెట్టాలి, ఆదివారం ఒక పూటలో ఏం చేసి పెట్టుకోవచ్చు, ఏ జాగ్రత్త లేకుండా ఏది పెట్టకూడదు అన్నవి చూద్దాం.

(తెర మీద: 1–3 ఏళ్ళు: 12.5 గ్రాములు. 4–6 ఏళ్ళు: 16 గ్రాములు.)

ముందు లెక్క. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదాని ప్రకారం, ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకు రోజుకు 12.5 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు 16 గ్రాములు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములుంటుంది. ఒక గ్లాసు పాలల్లో, అంటే 200 మిల్లీలీటర్లలో, ఇంకో 6 గ్రాములు. చూశారా, రెండేళ్ళ పాపకి గుడ్డూ పాలతోనే రోజు లెక్క దాదాపు తీరిపోయింది.

"మరి మా బాబుకి ప్రొటీన్ పౌడర్ కొనాలా?" అని చాలామంది తల్లిదండ్రులు టెన్షన్ పడుతుంటారు. మామూలుగా తింటూ ఎదుగుతున్న బిడ్డకి అక్కర్లేదు. అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి వెళ్ళకుండా మామూలు తిండితోనే ప్రొటీన్ అందేలా చూసుకోమంటున్నాయి. డాక్టర్ ప్రత్యేకంగా రాసిస్తే అది వేరే సంగతి.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ప్రొటీన్ పెంచాలని అన్నం, నెయ్యి తగ్గించకండి. ఒంటికి కావలసిన శక్తి అన్నం నుంచీ కొవ్వు నుంచీ రాకపోతే, తిన్న ప్రొటీన్‌నే శరీరం ఇంధనంగా కాల్చేసుకుంటుంది. కండ పెరగడానికి మిగలదు. పెద్దవాళ్ళ డైటింగ్ పద్ధతులు ఈ వయసు పిల్లల మీద ప్రయోగించకూడదు.

(తెర మీద: ఖిచ్డీ, పక్కన ఖట్టా గిన్నె. దగ్గరగా.)

ప్రొటీన్ ఎంత అన్నదే కాదు, ఏ రకం అన్నది కూడా చూడాలి. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ఇటుకలతో కట్టినట్టు ఉంటుంది. బియ్యం, గోధుమల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో ఎక్కువ. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బియ్యంలో, నువ్వుల్లో బాగా ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పొద్దున్నే మన ఊళ్ళో తినే ఖిచ్డీ చూడండి. బియ్యంలో ఎర్ర కందిపప్పు, పక్కన నువ్వులు నూరిన ఖట్టా. అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంట్లో గుర్తు పెట్టుకోవడానికి ఒక కొలత: మూడు వంతులు ధాన్యం, ఒక వంతు పప్పు. గుడ్డు, పాలు, మాంసం తినే ఇంట్లో ఈ కొలత మరీ పట్టుకు కూర్చోనక్కర్లేదు. శాకాహారులు మాత్రం మరవకండి.

ఇక వంటలోకి వద్దాం. మొదటిది సత్తుపిండి. నా దృష్టిలో తీరిక లేని ఇంటికి దీన్ని మించిన చిరుతిండి లేదు.

(తెర మీద: మూకుట్లో పల్లీలు వేగుతున్నాయి.)

సద్దుల బతుకమ్మ నాడు పళ్ళెంలో పెట్టి పంచుకునే సత్తుపిండే ఇది. నువ్వులది, పల్లీలది, పెసరపప్పుది, ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. పండగకి చక్కెరో బెల్లమో దండిగా వేస్తాం. పిల్లల డబ్బాకి తీపి లేకుండా చేసుకుందాం. ఒక కప్పు పుట్నాలు, అర కప్పు పల్లీలు, పావు కప్పు నువ్వులు తీసుకోండి. బేగంబజార్‌లో కిలోల లెక్కన తెచ్చుకున్నా, వీధి చివర కిరాణాలో పావు కిలో కొన్నా, పల్లీలను మాత్రం పళ్ళెంలో పోసి ఏరండి. నల్లబడినవీ, ముడతలు పడినవీ, చేదుగా ఉన్నవీ తీసిపారేయాలి. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయానికి హాని చేస్తుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు.

పల్లీలు సన్నమంట మీద వేయించి, చల్లారాక పొట్టు తీయండి. నువ్వులు చిటపటమనే వరకు వేయించండి. పుట్నాలు ఎలాగూ వేగినవే, కాస్త వేడి చేస్తే చాలు. మిక్సీలో ముందు పుట్నాలు మెత్తగా పొడి చేయాలి. ఆ పొడిలోనే పల్లీలు, నువ్వులు వేసి, ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి గిర్రున తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. జల్లించి, పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా తగలనివ్వకపోతే రెండు వారాలు హాయిగా ఉంటుంది. కమురు వాసన వస్తే మొహమాటం లేకుండా పారేయండి.

రెండు నిండు చెంచాలు, అంటే సుమారు 20 గ్రాముల పొడిలో 4 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. దాన్ని అర కప్పు పెరుగులో కలిపితే ఇంకో 3 గ్రాములు చేరుతుంది. చిన్న గిన్నెడు తింటే రెండేళ్ళ పాపకి రోజులో సగం పైనే అందినట్టు. అరటిపండు మెదిపి అందులో కలపండి, తీపి దాంతోనే వస్తుంది. రెండేళ్ళు నిండని వాళ్ళకి చక్కెర గానీ బెల్లం గానీ వేయకపోవడమే మంచిది. ఆపై వయసు వాళ్ళకి కాస్త బెల్లం, కాస్త నెయ్యి వేసి చిన్న ముద్దలు కట్టివ్వొచ్చు.

ఒక్క హెచ్చరిక: పొడిని పొడిగా చెంచాతో నోట్లో పోయకండి. పిల్లలు నవ్వినా దగ్గినా గొంతుకి అడ్డం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎప్పుడూ తడిపి, ముద్దలాగానే పెట్టాలి.

(తెర మీద: కుక్కర్ మూత తీస్తే ఆవిరి. ఉడికిన శనగలు.)

రెండోది గుడాలు. తెలంగాణలో ఏ ఇంట్లోనైనా తెలిసినవే. శనగలు, బొబ్బర్లు, పెసర్లు, ఏవైనా సరే. రాత్రి పడుకునే ముందు నానబెట్టండి. పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్‌లో పెట్టండి. తినే సోడా వేయకండి, త్వరగా ఉడుకుతాయి గానీ బి1 విటమిన్ పోతుంది. పెద్దవాళ్ళకి కాస్త పలుకుగా ఉన్నా బాగుంటాయి. పిల్లలకి మాత్రం రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోవాలి. అలా నలిగే దాకా విజిల్స్ రానివ్వండి.

ఇక్కడే పని కలిసొస్తుంది. కుక్కర్ ఒక్కటే. ఉడికినవి రెండు భాగాలు చేయండి. ఒక భాగంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు వేసి మీకు ఆఫీసు డబ్బాలో పెట్టుకోండి. ఇంకో భాగానికి నెయ్యిలో జీలకర్ర పోపు, నాలుగు చుక్కల నిమ్మరసం, అంతే. నిమ్మరసంలోని విటమిన్ సి వల్ల శనగల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. పిల్లలకి పెట్టేటప్పుడు ఒక్కో గింజనీ బొటనవేలితో అదిమి, పొట్టు ఊడితే తీసేసి పెట్టండి. గుండ్రంగా ఉన్నదాన్ని అలాగే ఇవ్వకండి. ఉడికిన గుడాలు ఫ్రిజ్‌లో మూడో రోజు దాటకూడదు.

అరవై కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. చాలా ఇళ్ళల్లో పిల్లలకంటే అమ్మకే అది తక్కువ పడుతుంటుంది. అందుకే ఈ గుడాలు మీకూ అని గట్టిగా చెప్తున్నాను. బిడ్డకి పెట్టాక గిన్నెలో మిగిలింది తిని సరిపెట్టుకోకండి, మీ వాటా మీకు విడిగా తీసుకోండి.

(తెర మీద: గుంతపొంగనాల పెనం.)

మూడోది పెసర పొంగనాలు. ఒక కప్పు పొట్టు పెసర్లు, గుప్పెడు బియ్యం రాత్రి నానబెట్టి, అల్లం, జీలకర్ర వేసి గట్టిగా రుబ్బండి. పులియనక్కర్లేదు. తురిమిన సొరకాయో క్యారెట్టో, చిదిమిన పనీరో కలిపి పెనం గుంతల్లో పోయండి. చిన్నచేతికి సరిగ్గా అందే సైజు, తనంతట తనే పట్టుకుని తింటుంది. మిగిలిన పిండిలో కాస్త నీళ్ళు కలిపితే మీకు పెసరట్టు రెడీ. పిండి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది.

గుడ్డు గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి. పచ్చసొన తీసేసి తెల్లది మాత్రమే పెట్టే అలవాటుంటే మానేయండి. గుడ్డులోని ప్రొటీన్‌లో నలభై శాతం పైన పచ్చసొనలోనే ఉంది, విటమిన్ ఎ అంతా అందులోనే ఉంది. పొడిగా ఉందని ఉమ్మేస్తుంటే పెరుగుతో మెదిపి పెట్టండి.

(తెర మీద: పెద్ద అక్షరాలతో "గొంతుకు అడ్డం పడేవి".)

ఇప్పుడు జాగ్రత్తలు. ఇది స్కిప్ చేయకండి.

ఐదేళ్ళ లోపు పిల్లలకి పల్లీలు, బాదం, జీడిపప్పు గింజలుగా ఇవ్వకూడదు. పొడిగానో ముద్దగానో కలిపే ఇవ్వాలి. పాప్‌కార్న్, పచ్చి క్యారెట్ ముక్కలు, గట్టి పల్లీపట్టీ కూడా వద్దు. ద్రాక్షని నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. తినేటప్పుడు కూర్చోబెట్టండి. పరిగెడుతున్న పిల్లాడి వెనకాల ముద్ద పట్టుకుని తిరగడం మన ఇళ్ళల్లో ముద్దుగా చూస్తాం, కానీ గొంతుకు అడ్డం పడేది అలాంటప్పుడే. ఆటో, కారు వెళ్తుండగా కూడా పెట్టొద్దు.

పల్లీలు, నువ్వులు, గుడ్డు కొందరికి పడవు. మొదటిసారి పెడుతున్నప్పుడు పగటి పూట, మీరు ఇంట్లో ఉన్న రోజు, ఒక్కటే కొత్త వస్తువు, కొంచెమే పెట్టండి. దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు కనిపిస్తే ఆపేసి డాక్టర్‌కి చూపించండి. ఊపిరి ఆడకపోయినా, పిల్ల వడిలిపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

పాలు మంచివే గానీ, అవే పొట్ట నింపేస్తే వేరే తిండి తినరు, ఐరన్ తగ్గిపోతుంది. రోజుకి అర లీటరు దాటనివ్వకండి.

కొత్త తిండిని ఒకసారి ఉమ్మేసినంత మాత్రాన "మా వాడికి నచ్చదు" అని తేల్చేయకండి. కొందరు పిల్లలు పదిసార్లు చూస్తే గానీ నోట్లో పెట్టుకోరు. బలవంతం చేయకుండా, చిన్న చెంచాడు పళ్ళెంలో ఉంచుతూ ఉండండి. మీరు పక్కన కూర్చుని అదే తినండి.

(తెర మీద: ప్యాకెట్ వెనక వైపు.)

బయట "హై ప్రొటీన్" అని రాసి ఉన్న ప్యాకెట్ కొనాల్సి వస్తే వెనక్కి తిప్పండి. ఏ పదార్థం బరువులో ఎక్కువ ఉంటే అది మొదట రాయాలని రూలు. మొదటి మూడింట్లో చక్కెర ఉంటే కిందపెట్టేయండి.

ఏడు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకి అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు, నెలకి రెండున్నర కిలోలు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పొడి. మీ ఇంట్లో పనిచేసే అమ్మకి, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లో వాళ్ళకి చిన్నపిల్లలుంటే తెచ్చుకుంటున్నారో లేదో అడగండి. తెలియకపోతే దగ్గరలో ఉన్న కేంద్రం చూపించండి.

(తెర మీద: ఫ్రిజ్ తలుపు తెరిచి. డబ్బాల మీద రోజుల పేర్లు.)

చివరిగా, ఈ పనంతా ఎప్పుడు చేయాలి? ఆదివారం పొద్దున సత్తుపిండి. వేయించి, చల్లార్చి, పొడి చేసేసరికి ముప్పావు గంట పడుతుంది. ఆదివారం, బుధవారం రాత్రుల్లో గుడాలకి నానబెట్టడం. శుక్రవారం రాత్రి పెసర్లు, శనివారం పొంగనాలు. మధ్యలో తోచనప్పుడు గుడ్డు.

నానమ్మకి "ఇవే పెట్టాలి అత్తయ్యా" అని లిస్టు చేతిలో పెట్టడం కంటే, సత్తుపిండి ఎలా చేయాలో ఆవిణ్ణే అడగండి. చాలా ఇళ్ళల్లో ఆవిడకి మనకంటే బాగా వచ్చు. చేసేది ఆవిడైతే, ఐదింటికి పెట్టేదీ అదే అవుతుంది. పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఉంటే డబ్బా మీద తెలుగులో రాసి అంటించండి: "రెండు చెంచాలు, పెరుగులో కలపాలి, కూర్చోబెట్టి పెట్టాలి." బిస్కెట్ ప్యాకెట్ పై అరలోకి మార్చి, ఆ చోట ఈ సీసా పెట్టండి.