అమ్మ భుజం నొప్పి నుంచి డిజైన్ థింకింగ్ దాకా

[తెర మీద: అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చెక్క చట్రం. ఒక స్త్రీ చేయి దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ ఉంటుంది. పది సెకన్ల పాటు మాటలు లేవు.]

నమస్కారం. ఈ చేతిని కాసేపు చూడండి. వీడియో ముందుకు జరపకండి.

దీన్ని ఆసు పోయడం అంటారు. పోచంపల్లి చీర మీద మనం చూసి మురిసిపోయే డిజైన్ మగ్గం మీద పుట్టదు. మగ్గం ఎక్కకముందే దారానికి చిటికీ కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, రంగుల్లో ముంచుతారు. అలా కట్టాలంటే ముందు దారాన్ని ఈ మేకుల చుట్టూ లెక్క తప్పకుండా పరచాలి. ఒక్క చీరకు చేయి దాదాపు మీటరు దూరం 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే ఈ పని చేసేవారు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి గారు ఏళ్ల తరబడి ఇలాగే ఆసు పోశారు. భుజం నొప్పి, మోచేయి నొప్పి. ఆమె కొడుకు చింతకింది మల్లేశం చిన్నప్పుడే చదువు ఆపేసి నేతపనిలో దిగినవాడు. అమ్మ పడే బాధ రోజూ కళ్ల ముందే ఉంది. 1992లో ఆయన ఆసు పోసే యంత్రం తయారుచేయాలని పని మొదలుపెట్టారు. 1999లో పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

డిజైన్ థింకింగ్ అనగానే చాలామంది గోడ నిండా రంగురంగుల చీటీలు అంటించడం, పెద్ద కంపెనీల వర్క్‌షాపులు, ఇంగ్లిష్ మాటలు గుర్తు తెచ్చుకుంటారు. నాకు మాత్రం శారాజీపేట గుర్తొస్తుంది. అందుకే ఈ పాఠం అక్కడ మొదలుపెట్టాను.

[తెర మీద: ఐదు పదాలు ఒక్కొక్కటిగా]

ముందు పదాలు తెలుసుకుందాం, ఇంటర్వ్యూల్లో అడుగుతారు కాబట్టి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డి.స్కూల్ అని ఒక డిజైన్ సంస్థ ఉంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో డేవిడ్ కెల్లీ ముఖ్యుడు. అక్కడ నేర్పే డిజైన్ థింకింగ్ పద్ధతిలో ఐదు మెట్లు: ఎంపతైజ్, డిఫైన్, ఐడియేట్, ప్రోటోటైప్, టెస్ట్. మన మాటల్లో చెప్పుకుంటే, వాడేవాళ్ల కష్టం దగ్గరుండి తెలుసుకోవడం, అసలు సమస్య ఏమిటో తేల్చుకోవడం, రకరకాల దారులు ఆలోచించడం, చేతికి దొరికిన వాటితో ఒక నమూనా చేయడం, దాన్ని వాళ్ల చేతికే ఇచ్చి చూడటం. వీటన్నిటి మధ్యలో వాడే మనిషి ఉంటే అదే యూజర్ సెంటర్డ్ డిజైన్.

మెట్లు అన్నాను గానీ, నిజానికి ఎవరూ వరసగా ఎక్కరు. రెండు ఎక్కి ఒకటి దిగుతాం. నాలుగో మెట్టు మీద నిలబడ్డాక మొదటిది సరిగా వేయలేదని తెలుస్తుంది. అలా తెలియడం ఓటమి కాదు, పని సరిగా జరుగుతోందని గుర్తు.

ఈ ఐదింటిలో ఎక్కువ మంది తొందరపడి దాటేసేది మొదటిదే. నేనూ దాటేశాను. ఆ సంగతి చెప్తాను.

[తెర మీద: పాత స్వీట్ డబ్బా, కత్తిరించిన మాత్రల షీట్లు, రబ్బరు బ్యాండ్లు]

మా అమ్మకు బీపీ, షుగర్, థైరాయిడ్. రోజుకు ఐదు మాత్రలు. అప్పుడప్పుడు తప్పిపోతున్నాయి. నేను ఫోన్‌లో గుర్తుచేసే యాప్ ఒకటి తయారుచేద్దామనుకున్నాను. స్క్రీన్లు గీశాను, రంగులు ఎంచుకున్నాను. ముందు ఒకసారి అడిగాను కూడా. "మాత్రలతో ఏమైనా ఇబ్బందా అమ్మా?" అంటే "ఏం లేదురా, బాగానే వేసుకుంటున్నాగా" అంది.

తర్వాత మూడు రోజులు ఏమీ అడగకుండా పక్కన కూర్చుని చూశాను. ఆమె మాత్రలను పేరుతో గుర్తుపట్టదు. పేర్లు ఇంగ్లిష్‌లో, ఆ చిన్న అక్షరాలు కళ్లజోడు పెట్టుకున్నా కనిపించవు. రంగును బట్టి, షీటు మెరుపును బట్టి గుర్తుపడుతుంది. పొద్దుటివి ఒక రబ్బరు బ్యాండులో, రాత్రివి ఇంకో బ్యాండులో. షీటు పెద్దగా ఉందని కత్తెరతో కత్తిరిస్తుంది, దాంతో ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఎక్కడికో పోతుంది. ఆ నెల మందుల షాపులో అదే మందు వేరే కంపెనీది ఇచ్చారు. తెల్ల మాత్ర బదులు గులాబీ రంగు మాత్ర. ఇది నాది కాదేమోనని రెండు రోజులు పక్కన పెట్టేసింది.

చూశారా, టైము గుర్తులేక కాదు. పొద్దున తొమ్మిదింటికి మాత్ర వేసుకోవాలని ఆమెకు బాగా తెలుసు. ఏది ఏ మాత్రో అన్నదే గొడవ. నేను కట్టబోయిన యాప్ ఆమెకు లేని సమస్యకు మందు.

"ఏం లేదురా" అని అమ్మ అబద్ధం చెప్పలేదు. రోజూ చేసే పనిలో ఇబ్బంది అలవాటైపోతుంది, అది ఇబ్బంది అన్న సంగతే గుర్తుండదు. అందుకే అడగడం కంటే చూడటం ముఖ్యమంటాను. అడగాల్సి వస్తే "ఇబ్బంది ఉందా" అనకండి. "నిన్న రాత్రి మాత్ర ఎలా వేసుకున్నారో ఒకసారి చేసి చూపించండి" అనండి. చేతులు దాచలేవు.

[తెర మీద: ఖాళీ ఇంక్యుబేటర్ బొమ్మ. తర్వాత పల్లె దారి.]

ఇక రెండో మెట్టు, సమస్యను తేల్చుకోవడం. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో కొందరు విద్యార్థులకు ఒక పని అప్పగించారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం తక్కువ ఖర్చులో ఇంక్యుబేటర్, అంటే వాళ్లను వెచ్చగా ఉంచే అద్దాల పెట్టె, తయారుచేయాలి. మామూలు ఇంక్యుబేటర్ ధర దాదాపు 20,000 డాలర్ల దాకా ఉంటుంది. జట్టులో ఒకరు నేపాల్ వెళ్లి ఆసుపత్రి చూశారు. అక్కడ ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. ఎందుకు? ఆ పిల్లలు పుట్టేది ఊళ్లలో. ఆసుపత్రి దాకా రాకముందే ఒళ్లు చల్లబడిపోతోంది.

ఇక్కడే ప్రశ్న మారింది. "ఇంక్యుబేటర్ ధర ఎలా తగ్గించాలి" అన్నది పోయి "కరెంటు నమ్మకం లేని పల్లెలో తల్లి తన బిడ్డను ఎలా వెచ్చగా ఉంచుకోవాలి" అన్నది వచ్చింది. దాంతో జవాబు కూడా మారిపోయింది. అద్దాల పెట్టె పోయి, బిడ్డను చుట్టే చిన్న సంచి వచ్చింది. లోపల మైనం లాంటి పదార్థం ఉన్న పొట్లం. దాన్ని వేడి చేసి సంచిలో పెడితే కొన్ని గంటల పాటు 37 డిగ్రీల దగ్గర వెచ్చదనం నిలుస్తుంది. దాని పేరు ఎంబ్రేస్.

ఇదే కథలో ఐదో మెట్టు కూడా ఉంది, నాకు బాగా ఇష్టమైన భాగం అదే. నమూనా పట్టుకుని మహారాష్ట్రలో తల్లుల దగ్గరికి వెళ్లారు. వేడి చేసేటప్పుడు 37 అంకె వచ్చేదాకా ఆగాలి. ఒక తల్లి ఏమందంటే, ఇంగ్లిష్ మందులు చాలా ఘాటుగా ఉంటాయి కాబట్టి మోతాదు తగ్గించి వేస్తామనీ, డాక్టరు 37 అంటే తాను 30 దగ్గరే ఆపేస్తాననీ. బిడ్డ మీద ప్రేమతోనే అంటోంది. తర్వాతి నమూనాలో అంకెలు తీసేశారు. సరిపోయింది, సరిపోలేదు అని రెండే గుర్తులు పెట్టారు. గదిలో కూర్చుని ఎంత తెలివిగా ఆలోచించినా ఈ ఒక్క సంగతి తట్టేది కాదు.

[తెర మీద: అట్టముక్కలు, టేపు, స్కెచ్ పెన్ను]

ఆలోచనలు చేయడం గురించి ఎక్కువ చెప్పను. మొదటి ఆలోచనతో పెళ్లి చేసుకోకండి, కనీసం పది రాయండి, అంతే.

నమూనా మాత్రం వీలైనంత చవగ్గా చేయండి. నేను పాత స్వీట్ డబ్బాలో అట్టముక్కలతో గదులు కట్టి, పొద్దుటి వైపు సూర్యుణ్ణి, రాత్రి వైపు చంద్రుణ్ణి గీసి అమ్మకిచ్చాను. అరగంట పని. రెండో రోజుకే తెలిసింది, ఆమె వేళ్ల నొప్పులకు ఆ మూత రావడం లేదు. మూత తీసి పారేశాను. అదే నేను రెండు నెలలు కూర్చుని చేసిన వస్తువైతే మూత తప్పని ఒప్పుకునేవాణ్ణి కాదు, అమ్మకే వాడటం రాదనేవాణ్ణి. చవక నమూనా మనల్ని ఆ మొండితనం నుంచి కాపాడుతుంది.

మల్లేశం గారికి ఆ వెసులుబాటు లేదు. మోటారు, చెక్క, విడిభాగాలు, అన్నీ డబ్బుతో పనే. చేయి కదలిక ఒక ఎత్తు, దారం మేకు చుట్టూ తిరిగేలా చేయడం ఇంకో ఎత్తు. మధ్యలో హైదరాబాద్ వచ్చి ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. అక్కడ ఒకచోట నడుస్తున్న యంత్రంలోని కదలిక చూసినప్పుడు, తనకు కావాల్సింది అదేనని తట్టింది. ఏడేళ్లుగా ఆసు చట్రం కళ్లలో ఉంది కాబట్టే అది ఆయన కంటపడింది. అదే యంత్రం ముందు ఇంకెంతమంది నడిచి వెళ్లి ఉంటారో!

[తెర మీద: ఖాళీ నోటు పుస్తకం, పెన్సిల్]

ఇప్పుడు మీ వంతు. రేపు పొద్దున వంటింట్లో ఇరవై నిమిషాలు నిలబడండి. ఫోన్ పక్కన పెట్టండి. సలహా చెప్పకండి, సాయం కూడా చేయకండి, ఆ ఒక్క పూటకే. వంట చేసేవాళ్లు ఏ డబ్బా కోసం ఎన్నిసార్లు వంగుతున్నారు, ఏ మూత తీయడానికి చీర కొంగు వాడుతున్నారు, ఏది వెతుక్కుంటున్నారు, రాసుకోండి. మీ అభిప్రాయం రాయకండి, కంటికి కనిపించిందే రాయండి. ఆ కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి. వచ్చే వీడియోలో అందులోంచి ఒక్క లైను తీసుకుని, అట్టముక్కలతో నమూనా చేయడం మొదలుపెడదాం.