ప్రార్థనకు కవి అడ్డు తగిలిన చోట

అందరికీ నమస్కారం.

1918 నవంబరు 11. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిందని ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో చర్చి గంటలు మోగుతున్నాయి. ఆ మోత వినబడుతుండగానే సూసన్ ఓవెన్ ఇంటికి తంతి వచ్చింది. కొడుకు విల్‌ఫ్రెడ్ వారం కిందటే ఫ్రాన్సులో ఒక కాలువ దగ్గర జరిగిన పోరులో చనిపోయాడు. వయసు 25. పశువుల్లా చచ్చేవాళ్ల కోసం ఏ గంటలు మోగుతాయని కవితలో అడిగినవాడు ఆయనే.

ఆ ప్రశ్నను ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1962లో సంగీతంలోకి తెచ్చాడు. 1940లో బాంబులకు కూలిన కోవెంట్రీ చర్చి పక్కనే కట్టిన కొత్త చర్చిలో, మే 30న, ఆయన ‘వార్ రిక్వియమ్’ తొలిసారి వినిపించింది. మృతుల కోసం చేసే లాటిన్ ప్రార్థనను పెద్ద బృందం పాడుతుంది. మధ్యమధ్య ఇద్దరు మగ గాయకులు ఓవెన్ కవితలు, మొత్తం 9, అందుకుంటారు. తొలి ప్రదర్శనలో ఒకరు ఆంగ్లేయుడు పీటర్ పియర్స్. రెండోవారు ఫిషర్-డీస్కావ్, ఒకప్పటి జర్మన్ సైనికుడు.

మొదట్లోనే గంటలు మోగుతాయి. వాటి స్వరాలు మన లెక్కలో షడ్జమం, ప్రతి మధ్యమం. కల్యాణి రాగానికి అలవాటుపడిన మన చెవికి ఆ జంట తీయగానే ఉంటుంది. అక్కడివారికి మాత్రం కుదురు లేని జంట.

నన్నడిగితే ఈ కృతికి ప్రాణం నడిమి ఘట్టంలో ఉంది. అబ్రహాముకూ అతని బీజానికీ (అంటే సంతతికీ) మాట ఇచ్చావు కదా ప్రభూ, అని బృందం ధాటిగా పాడుతుంది. వెంటనే ఓవెన్ అదే అబ్రహాము కథ ఎత్తుకుంటాడు. కొడుకును బలి ఇవ్వబోతాడు తండ్రి. పిల్లవాడి మీద చెయ్యి వేయకు, నీ గర్వమనే పొట్టేలును బలి ఇవ్వు అంటాడు దేవదూత. ఆ మాటలను ఇద్దరు గాయకులూ గొంతు కలిపి పాడతారు. బైబిల్లో తండ్రి వింటాడు. ఓవెన్ కవితలో వినడు. కొడుకును నరికేస్తాడు, యూరప్ బీజంలో సగాన్నీ, ఒక్కొక్కరినే. ప్రార్థనలోని ‘బీజం’ అన్న మాటనే కవి ఇలా తిప్పికొట్టాడు.

ఆ ‘ఒక్కొక్కరినే’ అన్న మాటను ఇద్దరూ మళ్లీ మళ్లీ పాడుతుంటే, ఎక్కడో దూరం నుంచి బాలుర బృందం బలి అర్పించే ప్రార్థన పాడుతూ ఉంటుంది. తర్వాత అబ్రహాముకిచ్చిన మాట తిరిగి వస్తుంది. కానీ ఈసారి పైకి పోవలసిన స్వరం కిందికి, కిందికి రావలసింది పైకి. ధాటి ఏమీ లేదు. అంత పెద్ద బృందమూ గొంతు పెగలనట్టు లోగొంతుకతో పాడుతుంది.