కుళాయికి కట్టేసిన రాకీ

అందరికీ నమస్కారమండి. ఆదివారం పొద్దున్నే, ఇంత ఉక్కలో, ఇంట్లో కుక్కని శుభ్రంగా ఎలా ఉంచుకోవాలో వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు. ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పటమటలో ఇరవై ఏళ్ళుగా కుక్కల్ని పెంచుతున్నాను. మధ్యలో ఒక పిల్లి కూడా తనంతట తనే వచ్చి మా ఇంట్లో చేరింది. నేను చెప్పేదాంట్లో సగం నా తప్పుల చిట్టా.

ఈ రోజు జూలై 6. 1885లో ఇదే రోజున ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మీస్టర్ అనే పిల్లాడికి రేబీస్ టీకా వేయించాడు. అందుకే ఏటా ఈ రోజు మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఇంకా వేయించనివాళ్ళు ఇక్కణ్ణుంచి తిన్నగా అక్కడికి వెళ్ళండి. షాంపూ సంగతి తర్వాత.

మా మొదటి కుక్క రాకీ, ల్యాబ్రడార్. మూడు నెలల పిల్లప్పుడు మొదటి స్నానం నేనే చేయించాను. బాత్రూములో కుళాయికి గొలుసు కట్టి, బకెట్టు నీళ్ళు నెత్తిన గుమ్మరించాను. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఆ వేళకి మేడ మీద ట్యాంకులో నీళ్ళెలా ఉంటాయో బెజవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చెయ్యి పెట్టి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు నాకు. కెవ్వుమంది పాపం. ఆ తర్వాత బాత్రూము తలుపు చప్పుడైతే చాలు, మంచం కిందకి దూరేది. తువ్వాలు చేతిలో కనబడితే గుర్రుమనేది. చెవి ముట్టుకోనిచ్చేది కాదు, కాలు పట్టుకోనిచ్చేది కాదు. పోనీలే, దాని స్వభావం అంతే అనుకుని వదిలేశాను.

మూడో ఏట ఒకరోజు అన్నం మానేసింది. మర్నాడు ముక్కులోంచి రక్తం. డాక్టరుగారు చెవి మడత తిప్పి చూపించారు. లోపల గోమార్లు, అదే పిడుదులు, చింతగింజల్లా ఉబ్బి, వరసగా. టిక్ ఫీవర్, అంటే అవి కుడితే వచ్చే జ్వరం. నెల రోజులు మాత్రలు మింగించాం, బతికింది. కానీ ఆ చెవిని నేను వారాల తరబడి తిప్పి చూడలేదు. చూడనివ్వకుండా దాన్ని తయారుచేసింది కూడా నేనే.

అందుకని నా లెక్క ఒకటే. ఒంటి మీద ఎక్కడైనా సరే చెయ్యి వెయ్యనిచ్చేలా కుక్కని అలవాటు చెయ్యడమే అసలు పని. అది కుదిరితే స్నానం, గోళ్ళు, దువ్వడం అన్నీ తేలిక. కుదరకపోతే ఎంత ఖరీదైన దువ్వెన కొన్నా అది అలమారలోనే ఉంటుంది.

ఎలాగంటారా? రోజూ రెండు నిమిషాలు చాలు. అది కడుపు నిండి, బద్ధకంగా పడుకున్న వేళ చూసుకోండి. ఒక చేతిలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి ముక్కలు, గోరంత గోరంత. ముందరికాలు ఒక్క క్షణం పట్టుకుని వదలండి, ముక్క పెట్టండి. అంతే, ఆ రోజుకి చాలు. నాలుగు రోజులయ్యాక వేళ్ళ సందుల్లో మీ వేలు పెట్టండి. తర్వాత చెవి తిప్పడం, పెదవి ఎత్తి పళ్ళు చూడడం, తోక కింద చూడడం. అది కాలు లాక్కుంటే వదిలెయ్యండి. బలవంతంగా పట్టుకుంటే మీరు గెలిచినట్టే ఉంటుంది గానీ, మర్నాడు అది అసలు దగ్గరికే రాదు. గోళ్ళ కట్టర్ని కూడా వారం రోజులు ఊరికే కాలికి ఆనించి తియ్యండి, కత్తిరించకండి. ఇప్పుడున్న లడ్డూకి ఇదంతా అలవాటు చెయ్యడానికి నాకు రెండు నెలలు పట్టింది. మా ఆవిడ నవ్వింది, నీ స్టూడెంట్ల మీద ఎప్పుడైనా ఇంత ఓపిక పట్టావా అని.

ఇక గోమార్లు. మన వాతావరణంలో ఏడాది పొడుగునా ఉంటాయి. చాలామందికి తెలియనిదేంటంటే, గోమారు జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, మన ఇంట్లోనే గడుపుతుంది. ఆడది రక్తం తాగి ఉబ్బి, రాలిపోయి, గోడ పగుళ్ళలోనో తలుపు చట్రం వెనకో వేల గుడ్లు పెడుతుంది. కుక్కని ఎంత కడిగినా మళ్ళీ వస్తున్నాయంటారు చూడండి, కారణం అదే. కాబట్టి పక్కగుడ్డలు వేడినీళ్ళలో ఉతకాలి, గోడల మూలలు చూసుకోవాలి, డాక్టరు చెప్పిన మందు వాడాలి. చెవుల లోపల, మెడ పట్టీ కింద, కాలివేళ్ళ మధ్య, గజ్జల్లో రోజూ తడమాలి. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి, నిటారుగా మెల్లిగా లాగండి. వేళ్ళతో చిదమకండి. సబ్బునీళ్ళలో పడేస్తే చస్తుంది. కిరోసిన్ పుయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం మన పెద్దవాళ్ళు చేసేవారు. వాళ్ళ మీద నాకు గౌరవమే, కానీ ఈ రెండూ వద్దు. చర్మం కాలుతుంది, కిరోసిన్ నాకితే కడుపులోకి పోతుంది. ఇంకొక్క మాట, పిల్లి ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వినండి. కుక్కల గోమార్ల మందుల్లో కొన్నిట్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. పిల్లికి అది విషం. కుక్క మందే కదా, కాస్త తగ్గించి పిల్లికి రాద్దామనుకోకండి.

స్నానం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. నెలకొకసారి చాలు, బురదలో దొర్లితే తప్ప. మన షాంపూ వద్దు, మన చర్మానికి తగ్గ షాంపూ దాని చర్మానికి పడదు. కుంకుడుకాయ కళ్ళలో పడితే ఎంత మండుతుందో మన చిన్నప్పటి ఆదివారాలు గుర్తు తెచ్చుకోండి. సున్నిపిండి బొచ్చులోంచి వదలక, తర్వాత చీమలు పడతాయి. ఇది కూడా నేను చేసి చూసిందే. దువ్వాకే నీళ్ళు పొయ్యండి, ముందు తడిపితే చిక్కులు ఇంకా బిగుసుకుంటాయి. తర్వాత తుడవడం మాత్రం ఒళ్ళు దాచుకోకుండా చెయ్యాలి. ఈ వానాకాలం ఉక్కలో వేళ్ళ సందుల్లో, చెవుల్లో తడి ఉండిపోతే ఫంగస్ వస్తుంది. చెవిలో ఇయర్‌బడ్ పెట్టకండి. కుక్క చెవి దారి లోపల మలుపు తిరిగి ఉంటుంది, మురికి ఇంకా లోపలికి పోతుంది.

ఎండాకాలం వచ్చిందంటే జర్మన్ షెపర్డ్‌లకి, పమేరియన్లకి గుండు కొట్టిస్తుంటారు. అన్నట్టు మనం పమేరియన్ అని పిలిచేవాటిలో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్‌లు. చల్లగా ఉంటుందని కదా మీ ఉద్దేశం? కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పడమే దాని ఫ్యాన్. రెండు పొరల బొచ్చు ఎండని చర్మం దాకా రానివ్వదు. అది తీసేస్తే చర్మం ఎండకి నేరుగా దొరుకుతుంది, కొన్నిటికి బొచ్చు మళ్ళీ సరిగ్గా రాదు కూడా. లోపలి పొరలో ఊడిన బొచ్చుని దువ్వి తియ్యండి, నీడ, నీళ్ళు ఇవ్వండి. పొద్దెక్కాక బందరు రోడ్డు మీద నడిపించకండి. చేతి వెనకభాగం రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించలేకపోతే, దాని పాదాలూ ఆనలేవు.

గోళ్ళు నల్లగా ఉంటే లోపలి నరం కనబడదు. అందుకని కొస మాత్రమే, బియ్యపుగింజ మందాన కత్తిరించండి. కోసిన చోట మధ్యలో ముదురు చుక్క కనబడితే ఆపెయ్యండి. రక్తం వస్తే కంగారు పడకుండా కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కి పట్టండి.

పిల్లులు తమ పని తామే చూసుకుంటాయి, పొడుగు బొచ్చుండే పర్షియన్ లాంటివి తప్ప. వాటిని రోజూ దువ్వాల్సిందే.

సరే, ఇప్పుడు లడ్డూని బల్ల ఎక్కిస్తాను. ముందు వరసలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే రండి, తలా ఒక ముక్క ఇస్తాను. మొదట కుడి ముందరికాలు. చప్పట్లు మాత్రం కొట్టకండి, దానికి భయం.