హబుల్ ఫొటోల్లో రంగులు ఎక్కడివి? మూడు నలుపు-తెలుపు ఫైళ్లతో మనమే చేసి చూద్దాం

[తెర మీద: 'పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్', 1995 నాటి ఫొటో]

ఈ ఫొటో చూడనివాళ్లు తక్కువ. 1995 ఏప్రిల్ 1న హబుల్ టెలిస్కోపు తీసింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఖగోళ శాస్త్రజ్ఞులు జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ తీయించారు. ఇది ఈగిల్ నెబ్యులా అనే వాయువు, ధూళి మబ్బులో ఒక చిన్న ముక్క. మెసియర్ జాబితాలో ఆ నెబ్యులాది 16వ నంబరు, అందుకే ఎం16 అంటారు. దూరం సుమారు 6,500 కాంతి సంవత్సరాలు. ఎడమవైపు పొడవాటి స్తంభం ఎత్తే దాదాపు 4 కాంతి సంవత్సరాలు.

దీన్ని చూడగానే ఎవరైనా అడిగేది ఒకటే: ఈ రంగులు నిజమైనవేనా, కంప్యూటర్‌లో వేసినవా?

కంప్యూటర్‌లో వేసినవే. కాకపోతే ఒక లెక్క ప్రకారం వేశారు. ఆ లెక్క తెలిస్తే ఫొటో చూసి ఎక్కడ ఏ వాయువు ఉందో మీరే చెప్పేయొచ్చు. హబుల్ డేటా అందరికీ ఉచితం కాబట్టి, ఇదే ఫొటోని ఇంట్లో కూర్చుని మళ్లీ తయారు చేయొచ్చు కూడా.

[తెర మీద: ఫోన్ కెమెరా సెన్సర్ దగ్గరి బొమ్మ, ఎరుపు-ఆకుపచ్చ-నీలం గళ్లు]

ముందు కెమెరా సంగతి. మీ ఫోన్ సెన్సర్ మీద పిక్సెల్ పిక్సెల్‌కీ ఒక చిన్న రంగు అద్దం ఉంటుంది. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. పెళ్లి ఫొటోలకు ఈ ఏర్పాటు చాలు. టెలిస్కోపుకు మాత్రం రెండు నష్టాలు. ఒకటి, ప్రతి పిక్సెల్ తన దగ్గరికొచ్చిన వెలుగులో ఎక్కువ భాగం పారేస్తుంది. రెండు, 'నాకు హైడ్రోజన్ వెలుగు ఒక్కటే కావాలి' అంటే ఇవ్వలేదు. అందుకని హబుల్ కెమెరాలకు రంగే తెలియదు. ఎంత వెలుగు పడిందో లెక్కపెడతాయి, అంతే. ముందు ఒక ఫిల్టర్ పెట్టి తీస్తారు, ఫిల్టర్ మార్చి మళ్లీ తీస్తారు.

1995 ఫొటోకి వాడినవి మూడు ఫిల్టర్లు.

[తెర మీద: ఎఫ్502ఎన్ – ఆక్సిజన్ / ఎఫ్656ఎన్ – హైడ్రోజన్ / ఎఫ్673ఎన్ – సల్ఫర్]

ఈ పేర్లు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. 'ఎఫ్' అంటే ఫిల్టర్. మధ్యలో ఉన్న అంకె తరంగదైర్ఘ్యం, నానోమీటర్లలో. చివరి 'ఎన్' అంటే ఇరుకైనది, చాలా సన్నని పట్టీ మాత్రమే లోపలికి వదులుతుందని. 'డబ్ల్యూ' అయితే వెడల్పు, 'ఎం' అయితే మధ్యరకం. వేడెక్కిన పలుచటి వాయువు అన్ని రంగుల్లోనూ వెలగదు. ఒక్కో మూలకానికి తనవైన తరంగదైర్ఘ్యాలు కొన్ని ఉంటాయి, వాటిలోనే వెలుగుతుంది. అందువల్ల ఇరుకు ఫిల్టర్‌తో తీసిన ఒక్కో నలుపు-తెలుపు ఫొటో, ఒక్కో మూలకం ఎక్కడెక్కడ వెలుగుతోందో చూపే పటం.

ఇక్కడే అసలు చిక్కు. హైడ్రోజన్ 656, సల్ఫర్ 673: కంటికి రెండూ ముదురు ఎరుపే. కంటికి కనిపించే రంగే వేస్తానంటే ఆ రెండు పటాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కాబట్టి వరుస మార్చకుండా ఎడం పెంచారు. అన్నింటికంటే పొడవైన తరంగానికి ఎరుపు, మధ్యదానికి ఆకుపచ్చ, పొట్టిదానికి నీలం. అంటే సల్ఫర్ ఎరుపు, హైడ్రోజన్ ఆకుపచ్చ, ఆక్సిజన్ నీలం. స్తంభాల అంచులు బంగారు రంగులో ఉన్నాయంటే అక్కడ సల్ఫర్, హైడ్రోజన్ రెండూ గట్టిగా వెలుగుతున్నాయన్నమాట. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిస్తే పసుపే కదా. వెనకాల నీలిపచ్చ పొగ ఆక్సిజన్‌ది. పక్కనున్న కుర్ర నక్షత్రాల అతినీలలోహిత కాంతి ఆ వాయువులోని ఎలక్ట్రాన్లను ఊడగొడుతోంది.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోలకూ ఇదే సూత్రం. దాని ఫిల్టర్ పేరులో అంకెను వందతో భాగిస్తే మైక్రాన్లు వస్తాయి. ఎఫ్187ఎన్ అంటే 1.87 మైక్రాన్లు, ఎఫ్470ఎన్ అంటే 4.70. 2022లో వెబ్ ఇవే స్తంభాల్ని తీసినప్పుడు 4.70కి ఎరుపు, 1.87కి నీలం ఇచ్చారు. నిజానికి రెండూ పరారుణమే, కంటికి అసలు ఆననివి. వాటికి 'అసలు రంగు' ఏది అని అడగడంలోనే అర్థం లేదు.

[తెర మీద: మాస్ట్ వెబ్‌సైట్ వెతుకుడు పేజీ]

ఇక పనిలోకి దిగుదాం. హబుల్, వెబ్ డేటా రెండూ బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ నడిపే 'మాస్ట్' భాండాగారంలో ఉంటాయి. కొత్త పరిశీలనలను కొంతకాలం వాటిని తీయించిన శాస్త్రజ్ఞులకే ఇస్తారు, ఆ గడువు తీరాక ఎవరైనా దించుకోవచ్చు.

1995 డేటాతో మొదలెట్టకండి. 2014లో హబుల్ ఇదే చోటును డబ్ల్యూఎఫ్‌సీ3 అనే కొత్త కెమెరాతో తీసింది, పిక్సెల్ 0.04 ఆర్క్‌సెకండ్లే (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్), కాబట్టి వివరం ఎక్కువ, తలనొప్పి తక్కువ. ఎం16 అని వెతికి, మిషన్ దగ్గర హెచ్‌ఎస్‌టీ (అంటే హబుల్), పరికరం దగ్గర డబ్ల్యూఎఫ్‌సీ3/యూవీఐఎస్ పెట్టండి. ఎఫ్502ఎన్, ఎఫ్657ఎన్, ఎఫ్673ఎన్ ఫిల్టర్లు కావాలి. 656 బదులు 657 చూసి కంగారు పడొద్దు. అది కొంచెం వెడల్పాటి ఫిల్టర్, హైడ్రోజన్‌తోపాటు పక్కనున్న నైట్రోజన్ గీతలూ లోపలికి వస్తాయి. కుడివైపు ఆకాశపటంలో ఒక్కో ఫైల్ ఏ చోటును కప్పుతోందో గడిలా కనిపిస్తుంది. మూడు ఫిల్టర్లకూ ఒకే గడి ఉన్న ఫైళ్లే తీసుకోండి.

ఫైల్ పేరు చివర చూడండి. 'రా' అంటే పచ్చిది. 'ఎఫ్‌ఎల్‌టీ' అంటే సరిదిద్దిన విడి ఎక్స్‌పోజర్. మనకు కావలసింది 'డీఆర్‌సీ': అనేక ఎక్స్‌పోజర్లు కలిపి, వంకరలు తీసి, ఉత్తరం పైకి తిప్పి పెట్టింది. ఎఫ్‌ఎల్‌టీ తెరిస్తే తెర నిండా తెల్లని గీతలు, చుక్కలు కనిపిస్తాయి. అవి నక్షత్రాలు కావు, సెన్సర్‌ను ఢీకొన్న కాస్మిక్ కిరణాలు. అవి ఒక ఎక్స్‌పోజర్లో ఉన్నచోట ఇంకోదాంట్లో ఉండవు కాబట్టి, రెండు మూడింటిని పోల్చి తీసేస్తారు. ఈ కెమెరాలో రెండు చిప్‌లు ఉన్నాయి, మధ్యలో ఆర్క్‌సెకండు పైచిలుకు ఖాళీ. ఆ ఖాళీ పడిన చోట పోల్చడానికి ఎక్స్‌పోజర్లు తక్కువ, అందుకే డీఆర్‌సీలో కూడా ఒక అడ్డపట్టీ వెంట చుక్కలు మిగిలిపోతుంటాయి.

[తెర మీద: ఫిట్స్ లిబరేటర్‌లో తెరిచిన ఫైల్. దాదాపు అంతా నలుపు]

ఫైళ్లు ఫిట్స్ అనే, ఖగోళ డేటాకు వాడే రకంవి, ఒక్కోటి సుమారు 200 ఎంబీ. ఫిట్స్ లిబరేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. లోపల మూడు పొరలుంటాయి: ఫొటో, బరువుల పటం, ఏ ఎక్స్‌పోజర్ ఎక్కడ వాడారో చెప్పే పటం. 'సై' అనే మొదటిదే ఫొటో. రెండోది తెరిచి 'ఇదేంటి, గళ్లు గళ్లుగా వచ్చింది' అనుకునేవాళ్లు బోలెడుమంది.

సరైనది తెరిచినా కనిపించేది నల్లని తెర, నాలుగు తెల్ల చుక్కలు. ఫైల్ పాడవలేదు. అందులో ఉన్నవి సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు అనే సంఖ్యలు. నక్షత్రం నడిమధ్య విలువకీ పొగ విలువకీ వేల రెట్ల తేడా. తెర చూపగలిగేది 256 మెట్లే. నిటారుగా పంచితే మెట్లన్నీ నక్షత్రాలకే పోయి, పొగంతా అడుగు మెట్టులో ఇరుక్కుంటుంది.

దీన్ని సాగదీయడమే 'స్ట్రెచ్'. జాబితాలో 'ఆర్క్‌సైన్‌హెచ్' ఎంచుకోండి. చిన్న విలువల దగ్గర ఇది మామూలు గీతలా, పెద్ద విలువల దగ్గర లాగరిథంలా నడుస్తుంది. పొగ పైకి లేస్తుంది, నక్షత్రం పేలిపోదు. తర్వాత హిస్టోగ్రామ్‌లో, అంటే ఏ వెలుగు విలువ ఎన్ని పిక్సెళ్లకు ఉందో గుట్టలా చూపే గ్రాఫ్‌లో, నల్ల గుర్తుని గుట్టకు ఎడమ పాదం దగ్గర, కొద్దిగా బయటే ఉంచండి. చాలామంది ఆకాశం నల్లగా నిగనిగలాడాలని దాన్ని గుట్ట లోపలికి జరుపుతారు. అక్కడితో పలుచటి వాయువు మొత్తం సున్నా అయిపోతుంది, తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. మూడు ఫైళ్లకీ అదే స్ట్రెచ్ వాడండి. తెల్ల గుర్తు మాత్రం దేనికది. 16-బిట్ టిఫ్‌గా దాచుకోండి. జేపెగ్ వద్దు. అందులో 8 బిట్లే ఉంటాయి, తర్వాత వెలుగు పెంచగానే పొగలో చారలు చారలుగా మెట్లు తేలతాయి.

[తెర మీద: గింప్, కలర్స్ > కంపోనెంట్స్ > కంపోజ్]

మూడింటినీ గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, గ్రేస్కేల్‌లోనే ఉంచి, కంపోజ్‌కి వెళ్లండి. ఎరుపు గడిలో 673, ఆకుపచ్చలో 657, నీలంలో 502. కొలతలు సమానంగా లేకపోతే ఒప్పుకోదు. ముందే ఒకే సైజుకి కత్తిరించండి. నక్షత్రాలకు ఒకవైపు ఎర్ర అంచు, మరోవైపు నీలి అంచు కనిపిస్తే పొరలు ఒకటి రెండు పిక్సెళ్లు జరిగాయని. ఒక నక్షత్రాన్ని బాగా పెద్దది చేసి చూస్తూ, పొరను జరిపి సరిచేయండి.

మొదటిసారి వచ్చేది పచ్చటి ఫొటో, చూడబుద్ధి కాదు. తప్పు మీది కాదు, నెబ్యులాలో హైడ్రోజన్ వెలుగే బలం. కర్వ్స్‌లో ఆకుపచ్చను కొంచెం దించి, ఎరుపు, నీలం లేపితే బంగారు అంచులు, నీలిపచ్చ పొగ తేలతాయి. ఇప్పుడు ఇంకో తంటా: నక్షత్రాలన్నీ గులాబీ-ఊదాలోకి తిరుగుతాయి. వాయువులా కాదు, నక్షత్రం మూడు ఫిల్టర్లలోనూ ఇంచుమించు సమానంగా వెలుగుతుంది. మనం రెండు పెంచి ఒకటి తగ్గించాం కాబట్టి దానిలో ఎరుపు, నీలం మిగిలిపోయాయి. హ్యూ-శాచురేషన్‌లో మెజెంటా ఒక్కదాన్ని తగ్గిస్తే తెల్లబడతాయి. ఇలా ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అనేదాంట్లో చేసేవాళ్ల అభిరుచి ఉంటుంది, దాచాల్సిన పనిలేదు. ఒకే డేటాతో ఇద్దరు చేసిన ఫొటోలు ఒక్కలా ఉండవు. స్తంభం ఆకారం, ఏ అంచున సల్ఫర్ ఉందన్న సంగతి మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

[తెర మీద: 1995 ఫొటో కుడి పైమూల]

1995 ఫొటో కుడి పైమూల మెట్లలా తెగినట్టు ఉంటుంది కదా, ఆ ఆకారం సంగతి. పాత డబ్ల్యూఎఫ్‌పీసీ2 కెమెరాలో 800 గుణించు 800 పిక్సెళ్ల చిప్‌లు నాలుగు. మూడింటిలో పిక్సెల్ 0.1 ఆర్క్‌సెకండ్, నాలుగోదాంట్లో 0.046. ఆ నాలుగో దాన్ని మిగతావాటి కొలతకు కుదిస్తే సగం కంటే చిన్నదవుతుంది, చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఎవరూ ఏదీ కత్తిరించి దాచలేదు.

నక్షత్రాల చుట్టూ ముళ్లు? హబుల్‌లో చిన్న అద్దాన్ని పట్టుకున్న నాలుగు కమ్మీల దగ్గర వెలుగు వంగి నాలుగు ముళ్లు వస్తాయి. వెబ్‌లో ఆరు అంచుల అద్దం వల్ల ఆరు పెద్దవి, కమ్మీల వల్ల అడ్డంగా రెండు చిన్నవి. ఒకే ఎక్స్‌పోజర్లో ముళ్లన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. ఒక్కో నక్షత్రానికి ఒక్కో దిక్కున ఉన్న 'వెబ్ ఫొటో' కనిపిస్తే అది ఎవరో పుట్టించిన బొమ్మేనని అనుమానించండి. వెబ్ పచ్చి డేటాలో ప్రకాశవంతమైన నక్షత్రాల నడుమ నల్ల చుక్క ఉంటుంది. అది కృష్ణబిలం కాదు, వెలుగు మించిపోయి విలువ ఖాళీ అయిన పిక్సెళ్లు.

'ఆ స్తంభాలు ఇప్పుడు లేవట కదా?' 2007లో స్పిట్జర్ టెలిస్కోపు చూపిన వేడి ధూళిని బట్టి ఒక సూపర్నోవా (నక్షత్రం పేలుడు) వాటిని ఎప్పుడో ఊడ్చేసిందని ఒక వాదన వచ్చింది. అది నిలబడలేదు. 2015లో చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపు కొలతల ప్రకారం స్తంభాలు కరిగిపోతున్న వేగానికి ఇంకా సుమారు 30 లక్షల ఏళ్లు ఉంటాయి.

[తెర మీద: మసక బూడిద రంగు మబ్బులాంటి నెబ్యులా]

దగ్గరికి వెళ్తే ఎలా ఉంటుంది? దాదాపు ఏమీ కనిపించదు. వినడానికి వింతగా ఉంటుంది. సున్నం వేసిన గోడ దగ్గరికి నడిస్తే గోడ పెద్దదవుతుంది గానీ ఇంకా తెల్లబడదు కదా. నెబ్యులా కూడా అంతే: దగ్గరయ్యేకొద్దీ ఆకాశంలో ఎక్కువ చోటు పరుచుకుంటుంది, జానెడు చోటు నుంచి వచ్చే వెలుగు మాత్రం పెరగదు. పైగా చీకట్లో మనం చూసేది కంటిలోని రాడ్ కణాలతో. అవి 500 నానోమీటర్ల దగ్గర చురుకు, 656 దగ్గర దాదాపు గుడ్డివి. కాబట్టి ఎరుపు పోతుంది, మిగిలేది బూడిద రంగే.

టెలిస్కోపులోనూ అంతే. 6 అంగుళాలదో 8 అంగుళాలదో ఉంటే ఎం16లోని నక్షత్రాల గుంపు, చుట్టూ పలుచటి మసక కనిపిస్తాయి. ఆక్సిజన్ వెలుగును మాత్రమే వదిలే ఓ-త్రీ ఫిల్టర్ బిగిస్తే మసక కాస్త తేలుతుంది. స్తంభాలు కావాలంటే కెమెరా తప్పదు. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ ముందున్న ఫిల్టర్ 656 వెలుగులో చాలా భాగం ఆపేస్తుంది. ఖగోళం కోసం ఆ ఫిల్టర్ మార్పించినదో, నలుపు-తెలుపు కెమెరాకు హైడ్రోజన్ ఫిల్టరో వాడండి.

ఎప్పుడు చూడాలి? హైదరాబాద్ నుంచి ఇది దక్షిణాన 59 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. జూన్ చివర, జూలైలో అర్ధరాత్రి ప్రాంతంలో ఆ ఎత్తుకు చేరుతుంది, సరిగ్గా మన వానాకాలంలో. అందుకని మే నెలలో తెల్లవారుజామున మూడింటికి లేవండి, అప్పుడు దక్షిణాన ఎత్తులోనే ఉంటుంది. నిద్ర చెడగొట్టుకోలేమంటే అక్టోబర్ దాకా ఆగి, రాత్రి ఏడింటికి నైరుతిలో ధనుస్సు నక్షత్రాలకు పైన వెతకండి. అప్పుడు ఎత్తు 45 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. నవంబర్ మొదటికల్లా అదే వేళకు 35 కంటే కిందికి దిగిపోతుంది.